చెట్టు పేరు నిలిచింది, చెప్పినవాళ్ళ పేరు పోయింది



మన సంస్కృతి గురించి రాయమంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఆటపాట. రేలా, థింసా, గుస్సాడీ, కొమ్ముడోలు. గుస్సాడీ కనకరాజు గారికి 2021లో, కొమ్ముకోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు మనమంతా గర్వపడ్డాం. 2024లో ఇద్దరూ మనల్ని విడిచి వెళ్ళిపోయారు. ఆ అడుగులు, ఆ గొంతు వీడియోల్లోనైనా మనకు మిగిలాయి. చెట్టు మందులు తెలిసిన పెద్దలు పోయినప్పుడు మాత్రం వారి వెంట పోయేదానికి వీడియో ఉండదు, పుస్తకం ఉండదు. అందుకే ఈసారి మన అడవి వైద్యం చరిత్రను నాలుగు మాటల్లో మీ ముందు పెడుతున్నాం. ఈ చరిత్రలో మన మందులు ఎంత దూరం వెళ్ళాయో చూడవచ్చు. వాటిని చూపినవారి పేర్లు దారిలో ఎలా జారిపోయాయో కూడా చూడవచ్చు.

గ్రంథం లేని వైద్యం

ఆయుర్వేదానికి చరక సంహిత, సుశ్రుత సంహిత ఉన్నాయి. యునానీకి, సిద్ధ వైద్యానికి కూడా గ్రంథాలున్నాయి. మన వైద్యానికి మనుషులే గ్రంథాలు. కోయగూడేల్లో వడ్డె, విశాఖ మన్యంలో దిసారి, సవర ఊళ్ళలో కుడాన్, అన్ని చోట్లా కాన్పులు చేసే ముసలి అవ్వలు ఈ విద్యను మోసుకొచ్చారు. దేవతకు మొక్కు చెప్పేదీ, పసరు పోసేదీ చాలాచోట్ల ఒకే చెయ్యి. బయటివాళ్ళు మొక్కును చూసి అంతా మూఢనమ్మకమని కొట్టిపారేశారు. ఆ పక్కనే రోట్లో నలుగుతున్న చెక్క ఏమిటో చాలామంది అడగలేదు.

ఆ రోట్లో నలిగిన వాటిలో కొన్ని మనందరికీ తెలిసినవే. జ్వరానికి నేలవేము, తిప్పతీగ కషాయం. రక్తవిరేచనాలకు కొడిశపాల చెక్క, పచ్చి మారేడుకాయ గుజ్జు. కడుపులో పురుగులకు మోదుగ గింజలు. దగ్గుకు బుగ్గన పెట్టుకునే కరక్కాయ. గజ్జికి కానుగ నూనె. విరిగిన ఎముకకు నరమామిడి చెక్క నూరి పట్టువేసి, పైన వెదురు బద్దలతో కట్టు. ఇవి ఏ ఒక్కరి సొత్తూ కావు. వీటిలో చాలావరకు మైదానంలోని నాటువైద్యులకూ తెలుసు, ఆయుర్వేదంలోనూ కనిపిస్తాయి. అడవికీ ఊరికీ మధ్య సంతల్లో ఉప్పు, గుడ్డ, కరక్కాయ, తేనె మారినట్టే మందుల జ్ఞానమూ చేతులు మారింది.

మన పెద్దల జ్ఞానం చెట్టు పేరు దగ్గర ఆగదు. ఏ గడ్డను వానలకు ముందు తవ్వాలి, ఏ చెక్కను ఎంత లోతు తీయాలి, ఏ గింజను ఎన్నిసార్లు నానబెట్టి నీళ్ళు పారబోయాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నదే అసలు విద్య. అడవిని కాపాడే కట్టుబాటు కూడా అందులోనే ఉంది. మామిడికొత్త చేయకుండా కొండరెడ్లు, కోయలు మామిడికాయ ముట్టరు. కాయ ముదిరేదాకా చెట్టు మీద ఉండాలంటే అంతకంటే మంచి కాపలా ఏముంటుంది?

సోమిద మాను లండన్ చేరిన కథ

మన కొండల మందు ఇంగ్లీషు పుస్తకంలోకి ఎక్కిన తొలి సందర్భాల్లో ఒకటి గోదావరి ప్రాంతానిదే. స్కాట్లండ్ నుంచి వచ్చిన వైద్యుడు విలియం రాక్స్‌బరో ఈస్టిండియా కంపెనీ కొలువులో 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట వేసి, సర్కారు జిల్లాల చెట్టూ చేమా సేకరించి బొమ్మలు గీయించాడు. వాటికి తెలుగు పేర్లు కూడా రాయించి పెట్టుకున్నాడు.

ఆ రోజుల్లో చలిజ్వరానికి ఐరోపావాళ్ళ దగ్గర ఉన్న గట్టి మందు సింకోనా బెరడు. అది దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల నుంచి ఓడలో రావాలి. ఖరీదు ఎక్కువ, కల్తీ కూడా ఎక్కువ. రాజమహేంద్రవరం సర్కారు కొండల్లో సోమిద అనే మాను ఉంది. ఎర్రని చేవ, చేదూ వగరూ కలిసిన బెరడు. రాక్స్‌బరో ఆ బెరడును జ్వరానికి వాడి చూశాడు. పెరూ బెరడుకు బదులుగా దీన్ని వాడుకోవచ్చని ప్రతిపాదిస్తూ అతను రాసిన చిన్న పుస్తకం 1793లో లండన్‌లో అచ్చయింది. చెట్టుకు అతను పెట్టిన లాటిన్ పేరులో ఫెబ్రిఫ్యూగా అన్న మాట ఉంది. జ్వరాన్ని తరిమేది అని దాని అర్థం.

1830లో ఏడ్రియన్ ద జుస్యూ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ మానుకు వేరే ప్రజాతి కల్పించి, దానికి సోయ్‌మిడా అని పేరు పెట్టాడు. మన నేల మీద జనం పిలుచుకున్న మాటే అది. ఈనాటికీ ప్రపంచంలో ఎక్కడ ఈ చెట్టు పేరు రాయాలన్నా మన మాటే రాయాలి.

నిజానికి సోమిద బెరడులో క్వినైన్ లేదు. 1820లో పారిస్‌లో పెల్టియే, కావెంటూ అనే ఇద్దరు సింకోనా బెరడు నుంచి క్వినైన్‌ను వేరుచేశారు. 1860 తర్వాత నీలగిరుల్లో సర్కారువారే సింకోనా తోటలు పెంచారు. సోమిద వెనకబడిపోయింది. అయినా 1868లో ఎడ్వర్డ్ జాన్ వేరింగ్ సంపాదకుడుగా వెలువడిన భారత ఫార్మకోపియాలో దానికి చోటు దక్కింది. వగరు మందుగా, బలానికి, విడిచి విడిచి వచ్చే జ్వరానికి వాడవచ్చని లెక్కించారు.

ఈ కథలో రాక్స్‌బరో పేరుంది, జుస్యూ పేరుంది, వేరింగ్ పేరుంది. కొండ దారిలో నడిపించి, ఇదిగో ఇది సోమిద అని చూపినవారి పేరు చరిత్ర పుస్తకాల్లో నిలవలేదు. ఆ కొండలు కొండరెడ్లకూ కోయలకూ పుట్టిళ్ళు. చెట్టు పేరు నిలిచింది, చెప్పినవారి పేరు పోయింది.

కాటుకరేకుల పొడ

అదే కాలంలో విశాఖపట్నంలో ప్యాట్రిక్ రసెల్ అనే మరో వైద్యుడు ఉండేవాడు. 1785లో కంపెనీ అతన్ని ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. ఏ పాము విషపుది, ఏది కాదు అని తేల్చడం అతని ముఖ్యమైన పని. 1796లో అచ్చయిన అతని పుస్తకంలో కోరమాండల్ తీరపు పాముల బొమ్మలున్నాయి, వాటి స్థానిక పేర్లూ ఉన్నాయి. అందులో ఒక పాము పేరు కాటుకరేకుల పొడ. ఒంటి మీద కాటుక దిద్దినట్టు ఉండే మచ్చలను చూసి పెట్టిన అందమైన పేరు. ఇప్పుడు మనం రక్తపింజర అంటున్నది దాన్నే. లోకం మాత్రం దాన్ని రసెల్ పేరుతోనే పిలుస్తోంది.

పాముల గురించి ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. తమిళనాడులోని ఇరుల ఆదివాసులు తరతరాలుగా పాములు పట్టడంలో నేర్పరులు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత పాము చర్మాల వ్యాపారం ఆగిపోయి వారి బతుకుతెరువు పోయింది. 1978లో వారు సహకార సంఘం పెట్టుకున్నారు. పాములు పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. మన దేశంలో పాముకాటుకు వాడే విరుగుడు ఇంజెక్షన్ తయారీకి ఆ విషమే ముఖ్య ఆధారం. 2023లో ఇరుల పెద్దలు మాసి సడయ్యన్, వడివేల్ గోపాల్ గార్లకు పద్మశ్రీ వచ్చింది. ఆసుపత్రిలో పొడిచే సూది వెనకాల కూడా ఆదివాసీ చేతి నేర్పు ఉందన్నమాట.

మందు గ్రంథంలోకి, మనిషి హద్దు బయటకి

19వ శతాబ్దంలో మన మందులు ఒక్కొక్కటిగా ప్రయోగశాలకు వెళ్ళాయి. 1858లో బొంబాయిలో హేన్స్ అనే వైద్యుడు కొడిశపాల నుంచి కొనెసిన్ అనే పదార్థాన్ని వేరుచేశాడు. మారేడు బ్రిటిష్ ఫార్మకోపియాలోకి ఎక్కింది. కరక్కాయ తోళ్ళు పదును చేసే పనికి ఓడల్లో ఎగుమతయింది.

అదే రోజుల్లో అడవికి కొత్త యజమాని వచ్చాడు. 1878లో భారత అటవీ చట్టం, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాయి. రిజర్వు అడవికి హద్దురాళ్ళు పడ్డాయి. పోడు మీద, మేత మీద, కలప మీద, ఫలసాయం మీద ఆంక్షలు వచ్చాయి. 1868లో సర్కారు వారి మందుల గ్రంథం సోమిద బెరడును మెచ్చుకుంది. పదిహేనేళ్ళు తిరగకముందే, రిజర్వు అడవిలో అనుమతి లేకుండా ఆ బెరడు తీసిన మనిషి సర్కారు వారి లెక్కలో నేరస్థుడయ్యాడు. మన వైద్యానికి తగిలిన పెద్ద దెబ్బ ఇదే. చెట్టు దగ్గరికి వెళ్ళలేనివాడికి చెట్టు గురించి కొడుక్కి చెప్పే వీలు ఎక్కడిది?

స్వాతంత్ర్యం తర్వాత 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. సంతలో షావుకారు చేసే మోసం నుంచి కొంత ఊరట దొరికింది. తేనె, కుంకుడు, చింతపండు, కరక్కాయ, తపసి బంక, నరమామిడి చెక్క, ముషిణి గింజలు, చిల్లగింజలు, నన్నారి గడ్డలు తూకం మీదికి వచ్చాయి. అయితే తూకంలో పడింది సరుకు మాత్రమే. దాన్ని గుర్తుపట్టే విద్యకు ధర లేదు.

సర్పగంధి నేర్పిన పాఠం

సర్పగంధి వేరు గురించి మన పెద్దలకు తెలుసు. బీహారులో దీన్ని పిచ్చికి మందుగా సంతల్లో అమ్మేవారు. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తిక్ బోస్ ఈ వేరు రక్తపోటుకూ, పిచ్చికీ పనిచేస్తుందని రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల అనుభవాన్ని బ్రిటిష్ పత్రికలో ప్రచురించాక ప్రపంచం కళ్ళు ఇటు తిరిగాయి. 1952లో స్విట్జర్లాండ్‌లోని సిబా కంపెనీ శాస్త్రవేత్తలు దీని నుంచి రిసర్పిన్ తీశారు. ఆనాటి రక్తపోటు మాత్రల్లో అది పేరు మోసింది. పిచ్చాసుపత్రుల్లోనూ వాడారు.

తర్వాత ఏమైంది? వేరు కోసం మొక్కను మొదలంటా పీకేశారు. 1955 నాటికే మన ప్రభుత్వం వేరు ఎగుమతిని కట్టడి చేయాల్సి వచ్చింది. ఇప్పుడు అంతర్జాతీయ వ్యాపారంలో నియంత్రణ ఉన్న మొక్కల జాబితాలో సర్పగంధి ఉంది. లాభం కంపెనీలకు చేరింది. ఖాళీ అయిన అడవి మనకు మిగిలింది. మన పెద్దలు ఒక రోగికి కావలసినంతే తవ్వేవారు. బజారుకు కావలసినంత తవ్వితే ఏ అడవీ నిలవదు.

కాణి సోదరులు తెరిచిన దారి

ఈ చరిత్రలో తొలిసారి లెక్క కొంత మారింది కేరళలో. 1987లో తిరువనంతపురం దగ్గరి అగస్త్యమల అడవుల్లోకి ఉష్ణమండల వృక్షోద్యానం శాస్త్రవేత్తలు పరిశోధనకు వెళ్ళారు. దారి చూపిన కాణి ఆదివాసులు ఏవో చిన్న కాయలు నములుతూ అలుపు లేకుండా నడుస్తున్నారు. శాస్త్రవేత్తలు అడిగారు. ముందు చెప్పలేదు. నమ్మకం కుదిరాక చెప్పారు. ఆ మొక్క పేరు ఆరోగ్యపచ్చ. దాని నుంచి జీవని అనే బలం మందు తయారైంది. 1995లో కోయంబత్తూరులోని ఒక ఆయుర్వేద సంస్థకు ఏడేళ్ళకు, 10 లక్షల రూపాయలకు, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీకి తయారీ హక్కు ఇచ్చారు. వచ్చిన దానిలో సగం కాణి ప్రజలకు అన్నారు. 1997లో కాణి ప్రజల సంక్షేమ ట్రస్టు ఏర్పడింది. 1999లో 5 లక్షల పైచిలుకు ఆ ట్రస్టుకు చేరింది. మందును చూపిన కుట్టిమాతన్ కాణి, మల్లన్ కాణి గార్ల పేర్లు ఈ చరిత్రలో నిలిచాయి.

దీన్ని గొప్పగా చెప్పుకుంటూనే లోటుపాట్లూ చూడాలి. ప్లాతి అని పిలిచే కాణి వైద్య పెద్దల్లో కొందరు మా విద్యను అమ్మడానికి మీరెవరని అడిగారు. ఇద్దరు ముగ్గురు చెప్పినది జాతి మొత్తం ఇచ్చిన అనుమతి ఎలా అవుతుందన్నది న్యాయమైన ప్రశ్న. ఆకు కోతకు అటవీశాఖ అడ్డు చెప్పింది. అంటే విద్యకు వాటా దొరికినా, చెట్టు మీద హక్కు దొరకలేదు. ఆ రెండూ కలిసి రాకపోతే ఏ ఒప్పందమూ నిలవదని కాణి అనుభవం మనకు చెబుతోంది. అదే కాణి జాతికి చెందిన వైద్యురాలు లక్ష్మికుట్టి గారికి 2018లో పద్మశ్రీ రావడం మనకు సంతోషం.

చట్టంలో మన చోటు

1995లో పసుపు గాయం మాన్పుతుందన్న సంగతి మీద అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన దేశపు సీఎస్‌ఐఆర్ సంస్థ పాత గ్రంథాలు చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. ఆ తర్వాత 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలైంది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాలకు అది మంచి కంచె. గ్రంథమే లేని మన వైద్యానికి ఆ కంచె అందదు. చైనాలో తు యూయూ గారు మలేరియా మందు వెతుకుతూ సుమారు 1,700 ఏళ్ళ నాటి వైద్య గ్రంథంలో ఒక సూచన పట్టుకున్నారు. 2015లో ఆమెకు నోబెల్ వచ్చినప్పుడు ఆ పాత గ్రంథకర్త గే హోంగ్ పేరు కూడా లోకమంతా వినిపించింది. రాసి ఉంచినందువల్లే ఆయన పేరు నిలిచింది.

మనకు ఆధారమయ్యే చట్టాలు లేకపోలేదు. 1996 పీసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద మన హక్కును గుర్తించాయి. జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ విజ్ఞానం మీద సామూహిక మేధోహక్కు కూడా అటవీ హక్కుల చట్టంలో ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. దేశీయ కంపెనీలు కూడా లాభంలో వాటా ఇవ్వాల్సిందేనని 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు చెప్పింది. 2023లో ఆ చట్టాన్ని సవరించి, గ్రంథస్థమైన విజ్ఞానాన్ని వాడుకునేవారికి మినహాయింపు ఇచ్చారు. మన మందుల్లో చాలావాటికి గ్రంథాల్లోనూ చోటుంది కాబట్టి, ఇది మన చేతికి రావలసిన వాటా మీద పడే దెబ్బ అని మా అభిప్రాయం.

ఇక పోలవరం ముంపు సంగతి. ఏ కొండల్లో సోమిద పేరు పుట్టిందో ఆ గోదావరి కొండల కోయ, కొండరెడ్డి ఊళ్ళు మైదానపు కాలనీలకు తరలుతున్నాయి. ఇంటికి నష్టపరిహారం లెక్క ఉంటుంది, భూమికి ఉంటుంది. ఇంటి వెనక కొండ మీద ఏ మలుపులో ఏ తీగ ఉందో తెలిసిన అవ్వ విద్యకు ఏ జాబితాలోనూ గడి లేదు. కాలనీలో పెరిగే మనవరాలికి ఆమె ఏ చెట్టు చూపించి నేర్పుతుంది?

మనం చేయవలసినవి

మొదటిది, నిజం మాట్లాడుకుందాం. అన్ని జబ్బులకూ చెట్టు మందు లేదు. పాము కరిస్తే పసరు కోసం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. సికిల్ సెల్‌కు రక్తపరీక్ష, డాక్టరు మందు తప్పవు. మలేరియాకు రక్తపరీక్ష చేయించి మాత్రలు పూర్తిగా మింగాలి. కామెర్లకు వాతలు పెట్టడం మానాలి. ముషిణి గింజ, అడవినాభి గడ్డ ప్రాణం తీస్తాయి. వీటిని ఫోనులో వీడియో చూసి ఎవరూ ముట్టవద్దు. మన పెద్దలకు మందు ఎంత తెలుసో విషం కూడా అంతే తెలుసు. ఆ రెండో సగం లేని విద్య ప్రమాదం.

రెండవది, చెట్టును కాపాడుకుందాం. నరమామిడి చెక్కను చెట్టు చుట్టూ వలిస్తే ఆ చెట్టు చచ్చిపోతుంది. ఒక పక్కనే తీసి, మానేదాకా వదిలేయాలి. నన్నారి గడ్డ తవ్వినచోట తల భాగాన్ని తిరిగి పాతాలి.

మూడవది, రాసుకుందాం. ఊళ్ళో చెట్టు మందు తెలిసినవారు ఎవరెవరో ముందు పేర్లు రాయండి. మన భాషలో చెట్టు పేరు, ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర నేర్చారు అన్నవి తెలుగు లిపిలోనైనా రాయండి. మందు కలిపే తీరు, మోతాదు మాత్రం గ్రామసభ దగ్గరే ఉండాలి. బయట రిజిస్టరులో ఏది రాయాలో, ఏది రాయకూడదో గ్రామసభే తీర్మానించాలి. పరిశోధకులు వస్తే ఆదరిద్దాం, అన్నం పెడదాం. చెట్టు చూపే ముందు ఒక్క మాట అడుగుదాం: మీ పుస్తకంలో మా పెద్దల పేరు ఉంటుందా?

ఈ వేసవి సెలవుల్లో హాస్టళ్ళ నుంచి ఇంటికి వెళ్ళే మన పిల్లలకు మా విన్నపం ఒక్కటే. ఒక నోటుబుక్కు పట్టుకుని మీ అవ్వ వెంట, తాత వెంట అడవికి వెళ్ళండి. మొదటి పేజీలో చెట్టు పేరు కంటే ముందు వారి పేరు రాయండి.

జై ఆదివాసీ.